భాగం 7: నిత్యజీవితంలో ధ్యానం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 ధ్యానం: కొన్ని మూలభావనలు
7.3 గోదావరి తీరపు కథ: బావరి
7.4 ధర్మపురి, కొండగట్టు: మామూలు రోజుల సాధన
7.5 పనీ ధ్యానమూ: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల
7.6 పది నిమిషాల అభ్యాసం
7.7 ధ్యానం చేయగలిగేది, చేయలేనిది
7.8 సారాంశం
7.9 ముఖ్య పదాలు
7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు
7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:

• ధ్యానం, అభ్యాసం, వైరాగ్యం, సతి అనే భావనలను సొంత మాటల్లో వివరించగలుగుతారు.
• బావరి కథ, శేషప్ప కవి ఆలోచన నేటి జీవితానికి ఎలా వర్తిస్తాయో చెప్పగలుగుతారు.
• మీ పనివేళలకు తగిన చిన్న అభ్యాసాన్ని రూపొందించుకోగలుగుతారు.
• ధ్యానం ఎక్కడ ఉపకరిస్తుందో, ఎక్కడ వేరే సహాయం అవసరమో గుర్తించగలుగుతారు.

7.1 పరిచయం

సిరిసిల్లలో సాంచాలు నడిచే వీధిలోకి ఎప్పుడైనా వెళ్లి ఉంటే ఆ చప్పుడు మీకు గుర్తుండే ఉంటుంది. పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. ఆ చప్పుడులోనే ఒక కార్మికుడు ఒకేసారి కొన్ని సాంచాలను చూసుకుంటూ ఉంటాడు. పడుగులో ఎక్కడో ఒక పోగు తెగుతుంది. అతడు దాన్ని గమనించి, సాంచా ఆపి, పోగు అతికి, మళ్లీ నడిపిస్తాడు. ఒక షిఫ్టులో ఈ పని ఎన్నిసార్లు చేశాడో అతనికే లెక్క ఉండదు. పోగు తెగినందుకు అతడు తనను తాను తిట్టుకోడు. పోగన్నాక తెగుతుంది. తెగిన సంగతి గమనించకపోతేనే బట్ట చెడిపోతుంది.

ధ్యానం గురించి ఈ భాగంలో చెప్పుకోబోయే విషయానికి ఇదే మంచి ఉదాహరణ. “నాకు మనసు నిలవదు, ధ్యానం నా వల్ల కాదు” అనే మాట మీరు విని ఉంటారు, బహుశా మీరే అని ఉంటారు. మనసు ఒకచోట నిలిచి ఉండటమే ధ్యానమనీ, అది ఇల్లూ పనీ వదిలిన మునులకే సాధ్యమనీ మనలో చాలామంది అనుకుంటాం. మన సంప్రదాయ గ్రంథాలను శ్రద్ధగా చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. మనసు చెదురుతుందని అవి ముందే ఒప్పుకుంటాయి. చెదిరిన మనసును గుర్తించి మళ్లీ వెనక్కి తెచ్చుకోవడాన్నే అవి సాధన అంటాయి.

మీలో చాలామంది ఉద్యోగమో కూలిపనో వ్యవసాయమో చేసుకుంటూ, రాత్రిపూట ఈ పాఠాలు చదువుకుంటున్నవారు. అందుకే ఈ విషయాన్ని ఆశ్రమాల నుంచి కాకుండా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లోని పనీపాటల నుంచి పరిశీలిద్దాం.

7.2 ధ్యానం: కొన్ని మూలభావనలు

7.2.1 పతంజలి: ఏకతానత

పతంజలి యోగసూత్రాలు 4 పాదాలుగా ఉన్నాయి. అందులో చెప్పిన అష్టాంగాలు యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. ఈ క్రమంలో ధ్యానం ఏడోది. దానికంటే ముందు అహింస, సత్యం వంటి యమాలు ఉన్నాయని గమనించండి. తోటివారితో మన ప్రవర్తన బాగుపడకుండా కళ్లు మూసుకొని కూర్చోవడం ఒక్కటే సరిపోదని ఈ వరుస తెలియజేస్తుంది.

మనసును ఒక విషయం మీద నిలపడం ధారణ. ఆ నిలపడం తెగకుండా సాగితే అది ధ్యానం. ఈ సాగడాన్ని పతంజలి ‘ఏకతానత’ అన్నాడు. ఇందులోని ‘తాన’ అనే మాట ‘తన్’ ధాతువు నుంచి వచ్చింది. దాని అర్థం చాచడం, సాగదీయడం. దారం అనే అర్థం గల ‘తంతువు’ కూడా ఆ ధాతువు నుంచే పుట్టింది. ‘సూత్రం’ అన్నా దారమే. అంటే ధ్యానాన్ని నిర్వచించిన మాటకూ నేతగాని మగ్గానికీ భాషలోనే చుట్టరికం ఉంది.

7.2.2 భగవద్గీత: అభ్యాసం, వైరాగ్యం

భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానం గురించిన చర్చ ఉంది. మనసు చంచలమైనదని, దాన్ని పట్టడం గాలిని పట్టినంత కష్టమని అర్జునుడు అంటాడు. కృష్ణుడు ఆ మాటను కాదనడు, నిజమేనని ఒప్పుకుంటాడు. ఆ తరవాత రెండు ఉపాయాలు చెబుతాడు: అభ్యాసం, వైరాగ్యం. పతంజలి చెప్పిన ఉపాయాలు కూడా ఈ రెండే. మనసు ఎక్కడెక్కడికి వెళితే అక్కడక్కడి నుంచి వెనక్కి తేవాలని కూడా గీత చెబుతుంది. తెగిన పోగును అతకడమంటే ఇదే.

అభ్యాసమంటే చాలాకాలం, మధ్యలో వదలకుండా, శ్రద్ధతో చేసే పని. వైరాగ్యం అనే మాటను మనం తరచు తప్పుగా అర్థం చేసుకుంటాం. అది ఇల్లు విడిచిపోవడం కాదు. మన చేతిలో లేని ఫలితం మీద పట్టు సడలించడం. పసుపు పండించే రైతును తీసుకోండి. ఎనిమిది తొమ్మిది నెలలు పంటను కాపాడటం అతని చేతిలో ఉంది. మార్కెట్లో ఆ రోజు పలికే ధర ఒక్క రైతు చేతిలో ఉండదు. ఆ ధరను తలచుకొని నెలల తరబడి నిద్ర పోగొట్టుకుంటే పంటకూ లాభం లేదు, మనిషికీ లాభం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. “ఫలితం ఆశించకు” అనే మాటను తక్కువ కూలి ఇవ్వడానికి సాకుగా వాడుకునేవారు ఉంటారు. గిట్టుబాటు ధర అడగడం, కూలి పెంచమని అడగడం కూడా కర్తవ్యంలో భాగమే. వైరాగ్యం ఆ పనిని ఆపమనదు. కోపంతో, భయంతో తూలిపోకుండా చేయమంటుంది.

7.2.3 బౌద్ధం: సతి

పాళీలో ‘సతి’ అనే మాటకు సంస్కృత రూపం ‘స్మృతి’. ఇప్పుడు ఏం జరుగుతోందో మరచిపోకుండా ఉండటమే సతి. శ్వాస లోపలికి వస్తున్నదీ బయటికి పోతున్నదీ గమనించే పద్ధతిని ‘ఆనాపానసతి’ అంటారు. శ్వాసను మార్చనక్కరలేదు, కేవలం తెలుసుకుంటే చాలు. సూఫీ సంప్రదాయంలోని ‘జిక్ర్’లో కూడా దైవనామాన్ని పదేపదే స్మరిస్తారు. పేర్లు వేరైనా మరపు నుంచి ఎరుకలోకి రావడమనే అంశం వీటన్నిటిలో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - I

గమనిక: (అ) మీ సమాధానాలు నోటు పుస్తకంలో రాసుకోండి. (ఆ) 7.10లోని సమాధానాలతో పోల్చి చూసుకోండి.

1. ధారణకూ ధ్యానానికీ భేదం ఏమిటి?
2. మనసు చంచలమన్న అర్జునుడికి కృష్ణుడు చెప్పిన రెండు ఉపాయాలు ఏవి?

7.3 గోదావరి తీరపు కథ: బావరి

ధ్యానం గురించిన ఒక ప్రాచీన కథ మన గోదావరి ఒడ్డునే జరిగింది. అది బౌద్ధ గ్రంథమైన సుత్తనిపాతంలో, పారాయణ వర్గంలో ఉంది. బావరి అనే బ్రాహ్మణుడు కోసల దేశం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్నాడు. జగిత్యాల జిల్లాకు ఆవలి వైపున, నిర్మల్ జిల్లాలో గోదావరి మధ్యనున్న బాదనకుర్తే ఆ చోటని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

బావరి ఒక యజ్ఞం చేసి, ఉన్నదంతా దానం చేశాడు. అప్పుడు మరొక బ్రాహ్మణుడు వచ్చి 500 నాణేలు ఇమ్మన్నాడు. తన దగ్గర ఏమీ మిగలలేదని బావరి చెప్పాడు. వచ్చినవాడు ఊరుకోలేదు. ఇవ్వకపోతే ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని శపించాడు. బావరి వృద్ధుడు, విద్వాంసుడు, ధ్యానం తెలిసినవాడు. అయినా ఆ బెదిరింపు విన్నాక తిండి మానేశాడు, చిక్కిపోయాడు. అతని మనసు ధ్యానంలో నిలవలేదని ఆ గ్రంథం దాచకుండా చెబుతుంది.

ఈ ఒక్క వివరం మనకు ముఖ్యం. లేని డబ్బు కోసం ఎవరో గుమ్మం ముందు నిలబడి బెదిరిస్తే ఎంతటి సాధకుడి మనసైనా చెదురుతుంది. అది సాధనలో లోపం కాదు, మనిషి స్వభావం. బావరి ఏం చేశాడన్నదే అసలు ప్రశ్న. అతడు తన బాధను లోపలే దాచుకోలేదు. శపించినవాడికి తల గురించి ఏమీ తెలియదని ఒక దేవత చెప్పిన మాట విన్నాడు. బుద్ధుణ్ణి అడిగి రమ్మని తన 16 మంది శిష్యులను పంపాడు. తల అంటే అజ్ఞానమనీ, దాన్ని పగలగొట్టేది విద్య అనీ బుద్ధుడు జవాబిచ్చాడు. బావరిని వణికించిన శాపం అక్కడ అర్థం మారిపోయింది.

శిష్యుల్లో మొదటివాడు అజితుడు. లోకంలో అన్నివైపులా ప్రవాహాలు పారుతున్నాయి, వాటిని ఆపేది ఏమిటని అతడు అడిగాడు. ఆ ప్రవాహాలకు సతి అడ్డుకట్ట అన్నది బుద్ధుడి జవాబు. గోదావరి వరదను చూసి పెరిగినవారికి ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. వరద వచ్చిన రాత్రి కట్ట పోయడం కుదరదు. కట్ట ఎండాకాలంలోనే పోసుకోవాలి.

7.4 ధర్మపురి, కొండగట్టు: మామూలు రోజుల సాధన

ఇదే ఆలోచన జగిత్యాల జిల్లాలోని ధర్మపురిలో మరో రూపంలో వినిపిస్తుంది. గోదావరి ఒడ్డున లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఈ క్షేత్రంలో యమధర్మరాజుకు కూడా ఆలయం ఉంది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఈ ఊరే. ఆ శతకంలోని ఒక ప్రసిద్ధ సీస పద్యంలో కవి తన అనుమానం చెప్పుకుంటాడు. బతికినన్నాళ్లూ నీ భజన మానను గానీ, చివరి ఘడియలో యమదూతలు వచ్చి, గొంతులో కఫం అడ్డుపడి, ఒళ్లు వణుకుతున్నప్పుడు నీ పేరు పలకగలనో లేదో తెలియదు, కాబట్టి ఆనాటి స్మరణ ఇప్పుడే చేసుకుంటానని స్వామికి విన్నవించుకుంటాడు.

ఇది భక్తి పద్యమే అయినా ఇందులో సాధన గురించిన సత్యం ఉంది. కష్టం వచ్చినప్పుడు కొత్తగా ఏదీ నేర్చుకోలేం, అంతకుముందు అలవాటైనదే ఆ సమయంలో అక్కరకు వస్తుంది. పరీక్ష హాల్లో కూర్చున్నాక పాఠం నేర్చుకోలేమని మీకు వేరే చెప్పనక్కరలేదు.

జగిత్యాల జిల్లాలోనే ఉన్న కొండగట్టు ఆంజనేయస్వామి దీక్షను కూడా ఇలా చూడవచ్చు. మాల వేసుకున్నవారు 41 రోజులు తెల్లవారుజామున లేచి చన్నీటి స్నానం చేస్తారు, నేల మీద పడుకుంటారు, మద్యమాంసాలు ముట్టరు, ఎదుటివారిని ‘స్వామీ’ అని పిలుస్తారు. పతంజలి చెప్పిన యమనియమాలు ఇక్కడ పుస్తకం చదవకుండానే ఆచరణలోకి వస్తాయి. దీక్ష విరమించాక మాల తీసేస్తారు. నలభై రెండో రోజున ఏం మిగిలింది? వేకువన లేచే అలవాటా, తాగుడు మానగలననే నమ్మకమా, భార్యాబిడ్డలతో నెమ్మదిగా మాట్లాడటమా? వాటిలో ఒక్కటి మిగిలినా దీక్ష జీవితంలోకి వచ్చినట్లే. ఏదీ మిగలకపోతే అది ఏడాదికోసారి వచ్చిపోయే పండుగే అవుతుంది.

7.5 పనీ ధ్యానమూ: సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల

7.5.1 సిరిసిల్ల

సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో రాష్ట్రమంతటా దాని పేరు వినిపించింది. అంతకుముందూ ఆ తరవాతా, పని తగ్గిన రోజుల్లో, అప్పులు పెరిగి నేతకార్మికులు ప్రాణాలు తీసుకున్న వార్తలు కూడా ఈ పట్టణం నుంచే వచ్చాయి. ధ్యానం గురించి రాసేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టడం న్యాయం కాదు.

పద్మశాలి కుటుంబాలు మార్కండేయుణ్ణి కొలుస్తాయి. ఆయన కుమారుడు భావనాఋషి తొలిసారి బట్ట నేశాడని వారి పురాణం. ‘భావన’ అంటే ఉండేలా చేయడం, పెంపొందించడం. పాళీ గ్రంథాల్లో ధ్యాన సాధనకు వాడే మాట కూడా ఇదే. యముడు వచ్చినప్పుడు మార్కండేయుడు శివలింగాన్ని కౌగిలించుకున్నాడు. ఆపద వేళ ఒంటరిగా కుంగిపోకుండా ఆసరాను పట్టుకోవడం ఆ కథలోని నీతి. ఆ ఆసరా దైవం కావచ్చు, ఇంటి మనిషి కావచ్చు, తోటి కార్మికుడు కావచ్చు.

సాంచాలపై 12 గంటల షిఫ్టు చేసేవారికి రోజూ గంటసేపు కూర్చోమని చెప్పడం అర్థం లేని సలహా. షిఫ్టుకు ముందు, తరవాత కొద్ది నిమిషాలు చాలు. నడుస్తున్న సాంచా దగ్గర మాత్రం కళ్లు మూసుకోకూడదు. అక్కడ పని మీద చూపు నిలపడమే ధ్యానం.

7.5.2 కోరుట్ల

కోరుట్ల ప్రాంతంలో చాలామంది స్త్రీలు బీడీలు చేస్తారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు వేసి చుట్టడం చేతులకు అలవాటైపోతుంది. చేతులు పని చేస్తుంటే మనసు కూతురి పెళ్లి వైపో సంఘం కిస్తు వైపో తిరుగుతుంది. ఒక కట్ట కట్టిన ప్రతిసారీ భుజాలు వదులు చేసి, ఒక్క శ్వాసను పూర్తిగా గమనించండి. దానికి వేరే సమయం అక్కరలేదు. మెడ బిగుసుకున్నదనీ కళ్లు అలసిపోయాయనీ అప్పుడు తెలుస్తుంది. అలా తెలిసినప్పుడు లేచి నాలుగడుగులు వేయడం కూడా సాధనలో భాగమే.

7.5.3 జగిత్యాల

జగిత్యాల జిల్లా నుంచి ఎందరో గల్ఫ్ దేశాలకు వలస వెళ్లారు. ఇక్కడి ఇళ్లలో చాలా మాటలు ఫోన్లోనే జరుగుతాయి. అక్కడి మనిషి అలసటతో ఉంటాడు, ఇక్కడి మనిషి ఖర్చులతో సతమతమవుతుంది. రెండో మాటకే గొడవ మొదలవుతుంది. ఫోన్ ఎత్తేముందు మూడు శ్వాసలు గమనించే అలవాటు చేసుకుంటే, పైకి వచ్చిన కోపం మాటగా మారకముందే కనిపిస్తుంది. కోపం రాకుండా ఆపడం మన చేతిలో లేకపోవచ్చు. కోపానికీ మాటకూ మధ్య కొంచెం చోటు చేసుకోవడం అభ్యాసంతో వస్తుంది.

7.6 పది నిమిషాల అభ్యాసం

1. రోజూ ఒకే వేళ ఎంచుకోండి. రాత్రి షిఫ్టు చేసేవారికి అది పగలు నిద్ర లేచిన వేళ కావచ్చు.
2. నేల మీద గానీ కుర్చీలో గానీ వెన్ను నిటారుగా ఉంచి, సుఖంగా కూర్చోండి.
3. ముక్కు దగ్గర శ్వాస వచ్చిపోవడాన్ని గమనించండి. బలవంతంగా బిగబట్టకండి.
4. శ్వాస వదిలిన ప్రతిసారీ మనసులో లెక్కపెట్టండి. పది తరవాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టండి.
5. లెక్క తప్పితే విసుగుపడకుండా ఒకటి దగ్గరికి రండి. ఎన్నిసార్లు తప్పిందన్నది ముఖ్యం కాదు, తిరిగి వచ్చారా అన్నదే ముఖ్యం.
6. చివరి నిమిషంలో, ఈ రోజు మీ చేతిలో ఉన్న ఒక పనిని నిర్ణయించుకొని లేవండి.

మొదటి వారంలో మనసు ఇంకా ఎక్కువ చెదిరినట్లు అనిపించవచ్చు. నిజానికి అది ఎప్పుడూ అంతే చెదురుతుంది, ఇప్పుడు మీకు కనిపిస్తోంది. నిద్ర ముంచుకొస్తే పడుకోండి. అతిగా మేలుకొనేవారికీ అతిగా తినేవారికీ యోగం కుదరదని గీత కూడా చెబుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - II

3. బావరి మనసు ధ్యానంలో ఎందుకు నిలవలేదు? అప్పుడు అతడు ఏం చేశాడు?
4. శేషప్ప కవి స్మరణను ఇప్పుడే చేసుకుంటానని ఎందుకన్నాడు?

7.7 ధ్యానం చేయగలిగేది, చేయలేనిది

ధ్యానం నేడు ప్రపంచమంతటా పరిశోధనాంశం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ రోగుల కోసం ఎరుక ఆధారంగా ఒక శిక్షణను ప్రారంభించాడు. అది 8 వారాల పాఠ్యక్రమంగా అనేక దేశాలకు వ్యాపించింది. డిసెంబరు 21ని ప్రపంచ ధ్యాన దినంగా ఐక్యరాజ్యసమితి 2024లో ప్రకటించింది.

ఫలితాల గురించి నిదానంగా మాట్లాడటం అవసరం. 2014లో ఒక ప్రముఖ అమెరికన్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష 47 ప్రయోగాలను, 3,515 మందిని పరిశీలించింది. ఆందోళన, కుంగుబాటు, నొప్పి విషయంలో ధ్యానం కొంతమేర మేలు చేస్తుందని తేల్చింది. అయితే మందుల కంటే, వ్యాయామం కంటే అది మెరుగైనదనే రుజువు దొరకలేదని కూడా చెప్పింది. కాబట్టి వైద్యుడు రాసిన మందులు మాని ధ్యానం మొదలుపెట్టకూడదు. తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారు వైద్యుడి సలహాతోనే అభ్యాసం చేయాలి.

ధ్యానం అప్పు తీర్చదు, కూలి పెంచదు. అది చేయగలిగింది వేరు. అప్పులవాడు వచ్చిపోయిన రాత్రి, “ఇక దారి లేదు” అనే తలపు వచ్చినప్పుడు, అది ఒక తలపే, తీర్పు కాదు అని గుర్తించడానికి కొంత వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో చేయవలసిన పని ఒకటుంది: నోరు తెరిచి ఎవరికైనా చెప్పడం. బావరి చేసింది అదే. ఇంట్లోవారికి చెప్పవచ్చు, స్నేహితుడికి చెప్పవచ్చు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మీ చుట్టూ ఎవరైనా అలాంటి మాట అంటే “ధ్యానం చెయ్యి” అని చెప్పి వదిలేయకండి. పక్కన కూర్చోండి, వినండి, సహాయం దగ్గరికి తీసుకువెళ్లండి. యమాల్లో మొదటిదైన అహింసకు నిత్యజీవితంలో ఇదీ ఒక అర్థమే.

7.8 సారాంశం

మనసు చెదరకపోవడం ధ్యానం కాదు. చెదిరిన మనసును గమనించి తిరిగి తెచ్చుకోవడమే దాని సాధన. పతంజలి, భగవద్గీత రెండూ అభ్యాసాన్నీ వైరాగ్యాన్నీ ఉపాయాలుగా చెప్పాయి. బౌద్ధం సతిని ప్రవాహానికి అడ్డుకట్టగా చూసింది. కష్టకాలానికి కావలసిన సాధనను మామూలు రోజుల్లోనే చేసుకోవాలని శేషప్ప కవి ఆలోచన సూచిస్తుంది. ఎంత సాధన ఉన్నా మనసు నిలవని రోజు వస్తుందని, ఆ రోజున ఇతరులను అడగడం బలహీనత కాదని బావరి కథ తెలుపుతుంది. ధ్యానం పనికీ వైద్యానికీ న్యాయమైన కూలికీ తోడుగా ఉండవలసినది, వాటికి బదులు కాదు.

7.9 ముఖ్య పదాలు

అభ్యాసం: చాలాకాలం, ఎడతెగకుండా, శ్రద్ధతో చేసే సాధన.
వైరాగ్యం: మన చేతిలో లేని ఫలితం మీద పట్టు సడలించడం.
ఏకతానత: ఒకే విషయం మీద ఎరుక దారంలా తెగకుండా సాగడం.
సతి: జరుగుతున్నదాన్ని మరవకుండా ఉండటం, ఎరుక.
ఆనాపానసతి: ఉచ్ఛ్వాస నిశ్వాసాలను గమనించే ధ్యాన పద్ధతి.

7.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి: సమాధానాలు

1. మనసును ఒక విషయం మీద నిలపడం ధారణ. ఆ నిలకడ తెగకుండా సాగడం ధ్యానం.
2. అభ్యాసం, వైరాగ్యం.
3. 500 నాణేలు ఇవ్వలేక శాపానికి గురైన భయం వల్ల అతని మనసు నిలవలేదు. బాధను దాచుకోకుండా, బుద్ధుణ్ణి అడిగి రమ్మని 16 మంది శిష్యులను పంపాడు.
4. చివరి ఘడియలో శరీరం సహకరించక నామం పలకలేకపోవచ్చని భావించాడు కాబట్టి.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. “ధ్యానమంటే చెదిరిన మనసును తిరిగి తెచ్చుకొనే అభ్యాసం.” పతంజలి, భగవద్గీత, బౌద్ధం ఆధారంగా చర్చించండి.
2. నిత్యజీవితంలో ధ్యానం ఉపయోగాలనూ పరిమితులనూ తగిన ఉదాహరణలతో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.

1. వైరాగ్యం గురించిన అపోహలను వివరించండి.
2. కొండగట్టు దీక్షను యమనియమాల దృష్టితో పరిశీలించండి.

III. అభ్యాసం

7.6లోని క్రమాన్ని వరసగా 14 రోజులు పాటించండి. రోజూ రెండు వాక్యాలు రాసుకోండి: ఈ రోజు మనసు ఎక్కువగా ఎటు పోయింది? వెనక్కి రావడానికి ఏది తోడ్పడింది? పదిహేనో రోజున ఆ వాక్యాలన్నీ ఒకేసారి చదవండి. మిమ్మల్ని నిజంగా కలవరపెడుతున్న విషయమేమిటో అందులో కనిపిస్తుంది. దాని గురించి ఎవరితో మాట్లాడాలో ఆలోచించి, వారితో మాట్లాడండి.